చాయ్ పొంగేలోపు కుదిరిన ధ్యానం

ధ్యానం మొదలుపెట్టడం, మూడో రోజుకే మానేయడం. మూడేళ్లుగా నాకిదే తంతు. తెల్లవారుజామున అలారం, ఫోనులో యాప్, ఆదివారాలు భద్రకాళి చెరువు కట్ట మీద గంటసేపు కూర్చోవడం, ఇవేవీ నిలవలేదు. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ధ్యాన శిక్షకుడు అమెరికాలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల ధ్యాన పద్ధతిలో ఇంటి సాధనే రోజుకు సుమారు 45 నిమిషాలని చదివి మరీ నీరుగారిపోయాను. హన్మకొండలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. అంత సమయం ఎక్కడి నుంచి తేవాలి?

చివరికి కుదిరింది పొద్దుటి చాయ్ దగ్గర. ముందు ఫోనును వంటింటి బయట పెడతాను. ఇది చేయకపోతే మిగతావేవీ పనిచేయవు. గిన్నెలో నీళ్లు, పాలు, చాయ్‌పత్తి వేసి మంట తగ్గిస్తాను. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒక అంకె చొప్పున పది వరకు లెక్కపెడతాను. మనసు కరెంటు బిల్లు మీదికి పోతే విసుక్కోకుండా మళ్లీ ఒకటి. కళ్లు మూయను, గిన్నె అంచున బుడగలు లేచి, మీగడ ముడతపడి, పాలు పొంగబోయే దాకా చూస్తూనే ఉంటాను. స్టౌ కట్టేయడంతో అదీ అయిపోతుంది. నాలుగైదు నిమిషాలు, అంతే.

అయిదు నెలలైంది. పిల్లల మీద గొంతు లేచే ముందే ఇప్పుడు నాకు తెలుస్తోంది. నాకది చాలా పెద్ద సంగతి. అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. మా అక్కకు ఊపిరిని గమనిస్తే గుండెదడ పెరిగినట్టు అనిపించింది. అందుకే ఆమె పాదాల కింది నేల చల్లదనం మీద దృష్టి పెడుతోంది. చాయ్ అలవాటు లేనివాళ్లు వాకిలి ఊడ్చేటప్పుడు ప్రయత్నించి చూడండి.