ఓవెన్ సెన్సర్ కోడ్ చూపిస్తే, బోర్డు కొనే ముందు ఒకసారి కొలవండి

మా ఇల్లు ఒడిశాలోని పర్లాకిమిడిలో. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. పుట్టినరోజు కేకుల కోసం రెండు వైపుల నుంచీ వస్తారు. చుట్టుపక్కల ఒడియా ఇళ్లవాళ్లు ఛెనా పోడ కాల్చి ఇవ్వమని అడుగుతారు. చక్కెర కలిపిన ఛెనాను, అంటే పాలు విరిచి తీసిన ముద్దను, అడుగూ అంచులూ ముదురు ఎరుపుకు తిరిగేదాకా కాల్చాలి, ఆ మాడిన అంచులోనే దాని రుచంతా ఉంటుంది. మా ఓవెన్‌లో తేడాను మొదట పట్టించింది ఈ అంచులే. ఎప్పటిలాగే 180 డిగ్రీలు పెట్టి, ఎప్పటంత సేపే ఉంచినా తెల్లగా మిగిలాయి. ఛెనా బాగా లేదేమో అనుకున్నాను. తర్వాత కేకులు నడుమ పచ్చిగా రావడం మొదలైంది. ఇంకో నెలకు ఓవెన్ కాలుతూ కాలుతూ మధ్యలో ఆగిపోయి, తెర మీద కోడ్ చూపించింది.

కోడ్ అర్థం కంపెనీని బట్టి మారుతుంది, ఓవెన్‌తో ఇచ్చిన పుస్తకంలో చూడండి. నాది సెన్సర్ కోడ్, అంటే ఓవెన్ లోపలి వేడిని కొలిచే సెన్సర్‌కు సంబంధించింది. చూడడానికి వచ్చిన మెకానిక్ మూత కూడా విప్పకుండా బోర్డు, అంటే ఓవెన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పలక, మార్చాలన్నాడు. రాయగడలో యంత్రాల పని చేసే మా తమ్ముడికి ఫోను చేస్తే, వాడు అడిగిన మొదటి మాట, "అక్కా, ఎవరైనా కొలిచారా?" ఎవరూ కొలవలేదు. సెన్సర్ నుంచి బోర్డు దాకా ఉన్న దారిలో ఎక్కడో తేడా ఉందని మాత్రమే కోడ్ చెబుతుంది. ఆ దారిలో సెన్సర్ ఉంది, తీగలున్నాయి, కనెక్టర్ ఉంది, బోర్డు చివరన ఉంది. ఖరీదైన దానితో మొదలుపెట్టడం నాకు నచ్చలేదు.

ముందుగా ఒక హెచ్చరిక. నేను చెప్పేది తెర ఉన్న కరెంటు ఓవెన్ గురించి. మైక్రోవేవ్ కలిసిన ఓవెన్ అయితే మూత విప్పవద్దు, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. గ్యాస్ ఓవెన్ జోలికీ వెళ్లవద్దు. వారంటీ ఉంటే కంపెనీనే పిలవండి. మిగతావారు ప్లగ్గు తీసి, ఓవెన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. ప్లగ్గు లేకుండా తీగలు నేరుగా గోడలోకి వెళ్లి ఉంటే ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకోండి.

సెన్సర్ ఓవెన్ లోపల వెనక గోడ పైభాగంలో పెన్సిల్ కంటే సన్నగా, బయటికి పొడుచుకొచ్చిన లోహపు కడ్డీలా ఉంటుంది. అది గోడకు గానీ, మీరు పరిచిన అల్యూమినియం కాగితానికి గానీ తగులుతోందేమో చూడండి. తగిలితే దాని లెక్క తప్పుతుంది.

ఇక మల్టీమీటర్, కరెంటు కొలతలు చూసే చేతి మీటర్. సెన్సర్ వేడెక్కేకొద్దీ అందులో కరెంటుకు అడ్డు పెరుగుతుంది, ఆ అడ్డును కొలిచేది ఓమ్‌లలో. మీటర్‌ను ఓమ్‌లలో 2,000 దగ్గర పెట్టండి. ఓవెన్‌ను ముందుకు లాగి, వెనక రేకు విప్పి, సెన్సర్ కనెక్టర్‌ను ఊడదీసి, సెన్సర్ వైపు ఉన్న రెండు పిన్నుల మధ్య కొలవండి. ఇలాంటి చాలా ఓవెన్లలో ఉండేది ప్లాటినం సెన్సర్, పీటీ 1000 అంటారు. సున్నా డిగ్రీల దగ్గర అది 1,000 ఓమ్‌లు. అక్కడి నుంచి డిగ్రీకి దాదాపు 3.85 చొప్పున పెరుగుతుంది, 30 డిగ్రీల గదిలో సుమారు 1,117 రావాలి. వేరే రకం సెన్సర్ అయితే అంకెలు వేరు, పుస్తకంలో ఉన్నదే లెక్క. మీటర్ ఏ అంకే చూపకుండా కొస దాటిపోతే సెన్సర్ లోపల తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ కలిశాయి. ఒక పిన్నుకూ ఓవెన్ రేకుకూ మధ్య కూడా కొలవండి, అక్కడ ఏ అంకే రాకూడదు.

నా సెన్సర్ 1,112 చూపింది. అయినా నమ్మకం కుదరక, తమ్ముడు చెప్పినట్టు రెండు స్క్రూలు విప్పి సెన్సర్‌ను బయటికి తీశాను. తీసేటప్పుడు కనెక్టర్‌కు ఒక దారం కట్టండి, లేకపోతే తీగ వెనక్కి జారిపోతే వెతకడం నరకం. స్టీలు గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు, దాని మీద కొంచెం నీళ్లు. కడ్డీ మొన మాత్రం ముంచి, తీగలకు తడి తగలకుండా పట్టుకున్నాను. 1,100, 1,060, 1,020 అంటూ అంకె దిగుతూ వచ్చి 1,001 దగ్గర నిలిచింది. ఆ పైన ఉన్న ఒక్క ఓమ్ మీటర్ తీగలది. మరిగే నీళ్లలో దాదాపు 1,385 రావాలి, నాకు 1,383 వచ్చింది. సెన్సర్‌లో ఏ దోషమూ లేదు.

అప్పుడు సెన్సర్‌ను మళ్లీ కనెక్టర్‌కు తగిలించి, బోర్డు దగ్గరి ప్లగ్గు ఊడదీసి, ఆ చివర నుంచి కొలిచాను. 1,190! కనెక్టర్‌ను వేలితో కదిపితే అంకె 1,130కి దిగి, మళ్లీ 1,200 దాటింది. విప్పి చూస్తే ఒక పిన్ను మీద ఆకుపచ్చ చిలుము, దాని చుట్టూ ప్లాస్టిక్ కాలి గోధుమరంగుకు తిరిగింది. వానాకాలపు తేమ, ఏళ్ల తరబడి వేడి, రెండూ కలిసి చేసిన పని అది.

నా కేకులు పచ్చిగా ఎందుకు మిగిలాయో ఇక్కడే తెలిసింది. ఆ చిలుము దాదాపు 75 ఓమ్‌లు అదనంగా చేర్చింది. కాలే వేడి దగ్గర డిగ్రీకి పెరిగేది కాస్త తగ్గి 3.7 ఓమ్‌లే ఉంటుంది, ఆ లెక్కన అది 20 డిగ్రీలు. లోపల 160 ఉన్నప్పుడే 180 అయిందని బోర్డు అనుకుని కాయిల్ ఆపేస్తోంది, పాపం దాని తప్పేమీ లేదు. సంబంధం పూర్తిగా తెగిన క్షణంలో కోడ్ వచ్చింది.

కనెక్టర్ మార్చేటప్పుడు వేడికి ఆగే పింగాణీది, గాజునార తొడుగున్న తీగలది అడగండి. మామూలు ఇన్సులేషన్ టేపు అక్కడ నిలవదు. మామూలు టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి తీగలను పిన్నులలో బిగించి నొక్కాలి. రెండు తీగల్లో ఏది ఎటు పెట్టినా ఫరవాలేదు. సెన్సరే పోయి ఉంటే, వెనక రేకు మీది మోడల్ నంబరు చెప్పి అదే రకం తెప్పించుకోండి. సెన్సరూ తీగలూ రెండూ సరిగ్గా ఉండి, కోడ్ అప్పటికీ పోకపోతేనే బోర్డు వంతు.

బిగించాక ఓవెన్ థర్మామీటర్‌ను నడిమి అరలో పెట్టి, 180లో అరగంట వదలండి. కాయిల్ వెలిగి ఆరుతూ ఉంటుంది కాబట్టి అంకె పైకీ కిందికీ ఊగుతుంది. ఒక్కసారి చూసి కంగారు పడకుండా, నాలుగైదు సార్లు రాసుకుని సగటు తీయండి. మాది 178 వచ్చింది. కొత్త కనెక్టర్ పెట్టాక బోర్డు దగ్గర కొలిచిన 1,113ను, ఆనాటి తేదీతో సహా, వెనక రేకు మీద మార్కర్‌తో రాసి ఉంచాను.