గొంతు క్యాన్సర్ లెక్కలు చదవడం – 4వ పాఠం: ఆపరేషన్ వరసలో చావులు ఎందుకు ఎక్కువ?

పోయిన పాఠంలో గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ వరసల్లో ఎంతమంది పోయారో పట్టిక ఇచ్చి, శాతాలు కట్టి ఏం తేలిందో రాయమన్నాను; ఆ అభ్యాసానికి జవాబులు అందాయి. శాతాలు దాదాపు అందరూ సరిగ్గానే కట్టారు. చివరి వాక్యం దగ్గరే బోల్తా పడ్డారు: "ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే ఎక్కువ పోయారు, కాబట్టి కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడమే మేలు." ఆదోని వాళ్ళూ ఇదే రాశారు, నంద్యాల వాళ్ళూ ఇదే రాశారు. ఒకామె ఈ లెక్క చూపించి మామగారి ఆపరేషన్ వాయిదా వేయిద్దామనుకుంటోంది. అమ్మా, దయచేసి ఆ పని చేయొద్దు. ఈ వారం అనుకున్న పాఠం పక్కన పెట్టి ఇదొక్కటే చెప్తాను.

స్టేజీల సంగతి, అంటే క్యాన్సర్ ఎంత ముదిరిందో చెప్పే మెట్ల సంగతి, రెండో పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను.

కర్నూలు పెద్దాసుపత్రి ఓపీకి ఇద్దరొచ్చారనుకోండి. ఒకాయనకు నెల నుంచి గొంతు బొంగురు; చూస్తే స్వరతంతి మీద చిన్న గడ్డ. ఇంకో పెద్దాయన ఏళ్ళ తరబడి బీడీలు తాగినవాడు. ముద్ద మింగుడు పడదు, మెడలో బిళ్ళ కట్టింది, గడ్డ స్వరపేటిక (మాట పలికే పెట్టె) మృదులాస్థిని, అంటే మెత్తటి ఎముకను, తొలుచుకుని బయటికొచ్చింది. మొదటాయనకు రేడియేషనో లేజరో చాలు, దేనితోనైనా నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. రెండో ఆయనకు మామూలుగా స్వరపేటిక మొత్తం తీసేయమంటారు. అంటే ఆపరేషన్ వరసలోకి ముదిరినవాళ్ళే ఎక్కువగా చేరతారు. చావులు పెరిగింది కత్తి వల్ల కాదు.

అంకెల్లో చూడండి. ఇవి పాఠం కోసం నేను అనుకున్నవి. తొలి దశలో ఏ వైద్యమైనా 100కి 90 మంది బతుకుతారు. ముదిరిన దశలో రేడియేషన్‌తో 40, ఆపరేషన్‌తో 50. రేడియేషన్‌కు వెళ్ళిన 100 మందిలో 80 మంది తొలి దశ వాళ్ళు: 72, 8 కలిపి 80 మంది మిగిలారు. ఆపరేషన్‌కు వెళ్ళిన 100 మందిలో 20 మందే తొలి దశ: 18, 40 కలిపి 58. పైకి రేడియేషన్‌కు 80, ఆపరేషన్‌కు 58. లోపల చూస్తే ఏ దశలోనూ ఆపరేషన్ వెనకబడలేదు, ముదిరినవాళ్ళలో ముందుంది కూడా! దశలు విడదీయని పట్టికను నేనైతే పక్కన పడేస్తాను.

మరి న్యాయమైన పోలిక ఏది? ఎవరికి ఏ వైద్యమో చీటీ తీసినట్టు కేటాయించింది. 1991లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు ప్రచురించిన అధ్యయనంలో 3, 4 స్టేజీల స్వరపేటిక క్యాన్సర్ రోగులు 332 మందిని అలా విడదీశారు. ఒక గుంపుకు స్వరపేటిక తీసేసి రేడియేషన్, ఇంకో గుంపుకు ముందు కీమో (క్యాన్సర్ మందులు), తర్వాత రేడియేషన్. రెండేళ్ళకు రెండు గుంపుల్లోనూ బతికున్నది 68 శాతమే. కీమో గుంపులో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది. మనిషికి తన గొంతుతో ఇంట్లోవాళ్ళను పిలుచుకునే భాగ్యం చిన్నది కాదు, ఈ అంకెను తేలిగ్గా దాటేయకండి.

నేను శాతాలకంటే ముందు వెతికేది ఎవరిని చేర్చుకోలేదు అన్నది. 2003లో వచ్చిన ఆర్‌టీఓజీ 91-11 అనే అధ్యయనం (అమెరికా రేడియేషన్ పరిశోధన బృందానిది, ఇదీ స్వరపేటిక క్యాన్సర్ మీదే) గడ్డ మృదులాస్థిని దాటిన వాళ్ళను తీసుకోలేదు. పైన చెప్పిన పెద్దాయనకు దాని ఫలితం వర్తించదు.

అభ్యాసం ఒకటే, కష్టమైనదే. ఆ ఆర్‌టీఓజీ అధ్యయనంలో రెండేళ్ళకు స్వరపేటిక దక్కినవాళ్ళు: కీమో, రేడియేషన్ ఒకేసారి ఇస్తే 88 శాతం, ముందు కీమో ఇస్తే 75, ఒట్టి రేడియేషన్‌కు 70. పదేళ్ళకు బతికున్నవాళ్ళు అదే వరసలో సుమారు 28, 39, 32 శాతం. బతికున్నవాళ్ళలో ఈ తేడాలు గట్టిగా రుజువైనవి కావు. క్యాన్సర్‌తో సంబంధం లేదని రాసిన చావులు అదే వరసలో 30.8, 20.8, 16.9 శాతం. ఒకేసారి ఇచ్చిన గుంపులో ఇవెందుకు ఎక్కువో మూడు కారణాలు ఊహించండి. ఒక్కో కారణం తేల్చడానికి ఏ వివరం కావాలో రాయండి. తర్వాత మూడో స్టేజీలో ఉన్న మీ పెదనాన్నకు అర్థమయ్యేలా, ఒక్క శాతం కూడా వాడకుండా, డాక్టరును ఏమడగాలో అయిదు వాక్యాల్లో రాసి పంపండి. "ఏది మంచిది సార్?" అన్న ప్రశ్న మాత్రం ఒప్పుకోను.