మగకుక్క మలానికి ముక్కుతోందా? ప్రొస్టేట్ సిస్టు ఉందేమో చూపించండి

మా బబ్లూ లాబ్రడార్, తొమ్మిదో ఏడు. పోయిన వేసవిలో పటమటలో పొద్దున్నే బయటికి తీసుకెళ్తే ఎంతసేపూ వంగి ముక్కుతూనే ఉండేవాడు, వచ్చేది మాత్రం కొంచెమే, అదీ రిబ్బన్‌లా చదునుగా. విజయవాడ ఎండలు తెలిసినవే కదా, వేడి చేసి మలబద్ధకం వచ్చిందనుకుని పెరుగన్నం, ఉడికించిన గుమ్మడికాయ పెట్టాం. వారం గడిచాక వాడు పడుకుని లేచిన చోట గచ్చు మీద రెండు రక్తపు చుక్కలు కనబడ్డాయి. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే ఒంటి మీద చెయ్యి కూడా వేయకుండా మూత్రంలో ఇన్ఫెక్షన్ అని ఐదు రోజులకి మాత్రలు రాశారు. నాలుగు రోజులు బాగున్నాడు, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకోచోట అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయిస్తే ప్రొస్టేట్ వాచి ఉంది, అందులో నిమ్మకాయంత సిస్టు, అంటే నీటితిత్తి. అప్పటికి మూడు వారాలు పోయాయి.

ప్రొస్టేట్ అంటే మూత్రసంచి మెడ దగ్గర, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. దానికి సరిగ్గా పైనే మలం వచ్చే పేగు ఉంటుంది, అందుకే గ్రంథి వాస్తే మూత్రం కంటే ముందు మలానికి ఇబ్బంది మొదలవుతుంది. వృషణాలు తీయని మగకుక్కల్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ వల్ల వయసుతోపాటు ఇది పెరుగుతూనే ఉంటుంది, ఐదారేళ్లు దాటిన వాటిలో చాలావాటికి ఎంతోకొంత వాపు ఉంటుంది. గ్రంథిలో ఊరే ద్రవం బయటికి పోయే దారి మూసుకుపోతే అక్కడే నిలిచి నీటితిత్తి అవుతుంది. కొన్ని తిత్తులు గ్రంథి లోపలే ఉంటాయి, కొన్ని దాన్ని అంటుకుని బయటికి పెరుగుతాయి. ఈ బయటివి ఒక్కోసారి ఎంత పెద్దవవుతాయంటే స్కానింగులో రెండు మూత్రసంచులు ఉన్నట్టు కనిపిస్తుంది.

ముక్కడం, చదును మలం, మూత్రం పోయకపోయినా అంగం నుంచి రక్తం చుక్కలు పడటం, మూత్రం కొంచెం కొంచెంగా రావడం, వెనక కాళ్లు బిగుసుకున్నట్టు నడవడం, వీటిలో ఏది కనిపించినా రెండు మూడు రోజుల్లో చూపించండి. మూత్రం అసలు రాకపోయినా, జ్వరం, వాంతులు, పొట్ట ముట్టుకుంటే నొప్పి, తిండి మానేయడం లాంటివి ఉన్నా తెల్లారే దాకా ఆగొద్దు. తిత్తిలో చీము పట్టి అది పగిలితే కడుపంతా ఇన్ఫెక్షన్ పాకుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరు దగ్గర మొహమాటపడకండి. మలద్వారంలో వేలు పెట్టి ప్రొస్టేట్ చూడమని, పొట్ట స్కానింగ్ రాయమని మీరే అడగండి. ఎక్స్‌రేలో గ్రంథి పెరిగిందని తెలుస్తుంది కానీ లోపల నీరుందో గడ్డుందో తేలేది స్కానింగులోనే. మీ దగ్గర ఆ సౌకర్యం లేకపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ వాకబు చేయండి. మూత్రం కల్చర్, అంటే అందులో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష, తప్పకుండా చేయించాలి. అవసరమైతే స్కానింగులో చూస్తూ సన్నటి సూదితో తిత్తిలోని నీరు తీసి పరీక్షకి పంపుతారు. ఆడకుక్కతో జత కట్టించే కుక్కైతే బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా కోసం పరీక్ష కూడా అడగండి, ఆ జబ్బు మనుషులకీ అంటుతుంది.

ఇక వైద్యం. అసలు మందు క్యాస్ట్రేషన్, అంటే వృషణాలు తీసేయడం. ఇక్కడే ఇళ్లలో గొడవ మొదలవుతుంది. మా అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, "ఒరేయ్, ఈ వయసులో వాడికి ఆ కోత ఎందుకురా, నీళ్లు తీసేస్తే పోదా" అని. మేమూ అదే అడిగి ముందు సూదితో నీళ్లు తీయించాం. పదిహేను రోజుల్లో మళ్లీ నిండింది, ఎందుకంటే దాన్ని నింపే హార్మోన్ ఒంట్లో అలాగే ఉంది కదా. క్యాస్ట్రేషన్ అయ్యాక గ్రంథి మూడు వారాల్లో దాదాపు సగానికి, తొమ్మిది వారాలకి సుమారు 70 శాతం తగ్గుతుంది, చిన్న తిత్తులు దాంతోపాటే కుంచించుకుపోతాయి. మత్తు ఇచ్చే ముందు కిడ్నీ, లివర్, గుండె పరీక్షలు చేయించుకోండి, పెద్ద వయసు కుక్కకి అది తప్పదు.

బయటికి పెరిగిన పెద్ద తిత్తికి మాత్రం క్యాస్ట్రేషన్ ఒక్కటే చాలదు, పొట్ట తెరిచి తీయాలి. మొత్తం తీయడం కుదరకపోతే వీలైనంత కోసేసి, పేగుల మీద దుప్పటిలా కప్పి ఉండే కొవ్వు పొరని ఆ ఖాళీలో పెట్టి కుడతారు, ఊరే నీటిని అది పీల్చుకుంటుంది. ఈ ఆపరేషన్ తర్వాత కొన్ని కుక్కలకి మూత్రం ఆపుకోలేని ఇబ్బంది రావచ్చు, ముందే అడిగి తెలుసుకోండి, అనుభవం ఉన్న సర్జన్ చేతనే చేయించండి.

గుండె జబ్బు వల్లో ఇంకో కారణంతోనో ఆపరేషన్ కుదరని కుక్కకి ఫినాస్టిరైడ్ మాత్రలు ఇస్తారు. వాడినంత కాలం గ్రంథి తగ్గుతుంది, ఆపితే మళ్లీ పెరుగుతుంది. ఇంట్లో తాతయ్య ప్రొస్టేట్‌కి వాడే మాత్రే కదా అని మీరే ముక్క చేసి పెట్టొద్దు, బరువును బట్టి డాక్టరే చెప్పాలి, విరిగిన మాత్రని గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ ఇద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది ఎముక మూలుగని దెబ్బతీస్తుంది, తిత్తుల్ని ఇంకా పెంచవచ్చు కూడా.

ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్ ఐదు రోజుల పని కాదు. ప్రొస్టేట్‌లోకి అన్ని మందులూ చేరవు, ఎన్రోఫ్లాక్ససిన్ లాంటి కొన్నే చేరతాయి, అవి కూడా నాలుగు నుంచి ఆరు వారాలు వాడాలి. బబ్లూ విషయంలో మేం మోసపోయింది ఇక్కడే, నాలుగు రోజులకి హుషారుగా తిరిగేసరికి తగ్గిపోయిందనుకున్నాం. కోర్సు అయ్యాక మూత్రం కల్చర్ మళ్లీ చేయించండి.

ఇంట్లో మలం మెత్తగా వచ్చేలా చూడటం మన పని. ఉప్పు, మసాలా లేని ఉడికించిన గుమ్మడికాయ, నీళ్లు ఎక్కువగా, కావాలంటే డాక్టరు చెప్పిన సిరప్. ఎముకలు పెట్టొద్దు, మలం రాయిలా అవుతుంది. మూత్రం ఆపుకోకుండా రోజుకి నాలుగైదుసార్లు బయటికి తిప్పండి, ఎండాకాలం తారు రోడ్డు కాలుతుంది కాబట్టి ఎనిమిదిలోపు, మళ్లీ చీకటి పడ్డాక ఎక్కువసేపు, మధ్యలో నీడన ఐదు నిమిషాలు చాలు. నొప్పితో మూలుగుతోందని మనుషుల పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేయొద్దు, కుక్కలకి అవి విషం. ఆపరేషన్ అయ్యాక కుట్లు తీసే దాకా, అంటే 10 నుంచి 14 రోజులు, మెడకి కోన్ కాలర్ ఉంచాలి, స్నానం వద్దు. బబ్లూ ఆపరేషన్ అయిన రెండో రోజే కోన్ ఊడదీసి కుట్టు నాకేశాడు, మళ్లీ డ్రెస్సింగ్ చేయించాల్సి వచ్చింది.

ఆపరేషన్ అయిన నెలకి ఒకసారి, మూడో నెలలో ఇంకోసారి స్కానింగ్ చేయించి గ్రంథి కొలత రాసి పెట్టుకోండి. క్యాస్ట్రేషన్ అయి నెలలు గడిచినా తగ్గకపోయినా, ఎప్పుడో చిన్నప్పుడే క్యాస్ట్రేషన్ అయిన కుక్కకి ఇప్పుడు ప్రొస్టేట్ పెరిగినా, అది మామూలు వాపు అనుకోవద్దు, క్యాన్సర్ కావచ్చు. వృషణాలు తీసేసినంత మాత్రాన ఆ క్యాన్సర్ రాకుండా ఉండదు కాబట్టి గ్రంథి నుంచి కణాలు తీసి పరీక్షకి పంపమని ఆ రోజే అడగండి.