పిల్లోడు పుస్తకం ముట్టనంటే ఏం చేయాల

టెన్త్ పిల్లోడు చదవనంటే ముందు అరవబాకండి, పక్కింటోళ్ల బిడ్డ మార్కులు అసలు ఎత్తబాకండి. బద్ధకం అనుకుంటాం గానీ చాలాసార్లు అది భయమే, వెనకబడిన సిలబస్ కొండలాగా కనపడి ఎక్కడ మొదలెట్టాలో తెలీక ఆగిపోతారు. సాయంత్రం మైపాడు బీచ్ దాకా బండి మీద తీసకపోండి, చదువు మాట వద్దు, వాడే చెప్తాడు, మధ్యలో సలహాలివ్వకుండా వినండి. ఇంటికొచ్చాక ఒక్క లెక్క, పది నిమిషాలు, అంతే, మీరూ ఫోన్ పక్కనబెట్టి దగ్గర కూర్చోండి. తెల్లారుజామున లేపి చదివించేదానికి నేనొప్పుకోను, ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాల. క్లాస్ టీచర్‌తో మాట్లాడి హోంవర్క్ కొన్నాళ్లు తగ్గించమనండి. తిండి మానేసి రెండు వారాలుగా ఎవరితో మాట్లాడకపోయినా, చచ్చిపోతానని ఒక్క మాటన్నా ఒంటరిగా వదలబాకండి, వెంటనే మానసిక ఆరోగ్యానికి గవర్నమెంటోళ్లు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, అర్ధరాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు.