రిఫరెన్సులు ఇలా సరిచూసుకున్నాను

ఫైనల్ రీసెర్చ్ వ్యాసం పూర్తయింది కానీ లోపల ఉదహరించిన పేర్లకీ, చివరి రిఫరెన్సుల జాబితాకీ పొంతన కుదరలేదు. గడువు దగ్గరపడింది, ఒకటే టెన్షన్.

వర్డ్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కి, బ్రాకెట్ గుర్తు వెతికించాను. సైటేషన్లన్నీ వరసగా దొరికాయి. ఒక్కోటి చూస్తూ జాబితాలో టిక్ పెట్టాను. టిక్ పడనివి తీసేశాను, లేనివి చేర్చాను. చాలా హాయిగా అనిపించింది.

ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి రిఫరెన్సు పద్ధతి) ఏడో ఎడిషన్ (2019) ప్రకారం, వ్యాసం లోపలి సైటేషన్‌లో రచయితలు ముగ్గురు, అంతకుమించి ఉంటే మొదటిసారి నుంచే మొదటి పేరు, 'ఎట్ ఆల్' (తదితరులు) సరిపోతుంది. పాత పద్ధతి అలవాటైనవాళ్లు ఇక్కడే తడబడతారు.

అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌ను మళ్లీ దింపుకుని చూస్తే ఒక పట్టిక సగానికి తెగి ఉంది. సరిచేసి, గడువులోపే మళ్లీ పంపాను.