మాల్టా వెళ్తే ముందు గోజో చూసెయ్యండి

మాల్టాలో చాలామంది ముందు రాజధాని వలెట్టాలో దిగి, తర్వాత గోజో దీవికి ఒక రోజు వెళ్ళొస్తారు. బ్యాగ్ మోసుకుని ఒకే దారిలో రెండుసార్లు బస్సు ప్రయాణం, అదీ ట్రాఫిక్‌లో. మేము తిరగేసి చేశాం.

ఎయిర్‌పోర్టు బయటే ఎక్స్1 బస్సు ఎక్కితే నేరుగా చిర్కెవ్వా రేవులో దింపుతుంది. అక్కడి నుంచి పెద్ద ఫెర్రీలో 25 నిమిషాలు. వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడే తీసుకుంటారు. రెండు మూడు రాత్రులు గోజోలో ఉండి, తిరుగు ప్రయాణానికి ఇమ్జార్ రేవు నుంచి వలెట్టాకు ఫాస్ట్ ఫెర్రీ ఎక్కండి. ముప్పావు గంటలో ఊరి మధ్యకే చేరతారు. తిరుగు ప్రయాణం అందులో కాదు కాబట్టి పెద్ద ఫెర్రీకి పైసా కట్టక్కర్లేదు.

మాల్టా ప్రధాన దీవిలోనూ ఇమ్జార్ అనే ఊరుంది. బస్సు బోర్డు మీద ఆ పేరు చూసి ఎక్కేయకండి, అక్కడ ఫెర్రీ రేవే లేదు!

గాలి ఎక్కువైతే ఫాస్ట్ ఫెర్రీ ఆపేస్తారు. అప్పుడు పెద్ద ఫెర్రీ, బస్సే గతి. అందుకే ఫ్లైట్ ఉన్న రోజు మాత్రం ఫాస్ట్ ఫెర్రీని నమ్ముకోవద్దు.