పాత తెలుగు ఫైలు ఆన్‌లైన్‌లో పిచ్చి అక్షరాలుగా తెరుచుకుంటే: నా అనుభవం

డీటీపీలో కొట్టించిన పాత వర్డ్ ఫైలు ఆన్‌లైన్ ఎడిటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కొక్కేలు. బ్రౌజర్ మార్చడం, భాష తెలుగుకి మార్చడం, పీడీఎఫ్ చేసి ఎక్కించడం, ఏదీ పనిచేయలేదు.

ఫాంటు పెట్టెలో చూస్తే అసలు సంగతి తెలిసింది: అది యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) ఫాంటు కాదు. ఫైల్లో ఉన్నవి ఇంగ్లీషు కోడ్‌లే, తెలుగు బొమ్మలు ఫాంటులో ఉన్నాయి. ఆ ఫాంటు ఆన్‌లైన్ ఎడిటర్‌లో లేదు.

ముందు ఫైలుకి నకలు తీశాను. ఆ ఫాంటు పేరుకి సరిపోయే యూనికోడ్ కన్వర్టర్‌లో ఒక్క పేరా వేసి చూశాను. వేరే వెర్షన్‌ది ఎంచుకుంటే వత్తులన్నీ తారుమారు. సరైనది దొరికాక మిగతాదంతా మార్చి, ఖాళీ డాక్యుమెంట్‌లో కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కి అతికించాను (మామూలుగా అతికిస్తే పాత ఫాంటు మళ్లీ తగులుకోవచ్చు). తర్వాత నోటో సాన్స్ తెలుగు అనే యూనికోడ్ ఫాంటు పెట్టాను.

మధ్యలో ఇంగ్లీషు పదాలుంటే కన్వర్టర్ వాటినీ తెలుగు అక్షరాలుగా మార్చేస్తుంది, అవి విడిగా కొట్టాల్సిందే. పట్టికలున్న ఫైళ్లకి ఇది ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను, నాది ఉత్త వచనం.